అన్నం ప్రార్థన

ఆ రోజుల్లో నాకు దేవుడి కంటే, లేచి ప్రార్థన చేయమనే వాళ్లంటేనే ఎక్కువ భయం. మాది గుంటూరు వైపు లూథరన్ ఇల్లు. పుస్తకం తెరిచి పాస్టరు అయ్యగారు ఒక వరుస చదివితే మేమొక వరుస చదవడమే మాకు తెలిసిన ఆరాధన. పక్క వీధి బాప్టిస్టుల గుడి మెట్టెక్కితే మా నాయనమ్మ మాట్లాడడం మానేసేది (పెంతెకోస్తు వాళ్ల చప్పట్లు వినబడితే కిటికీ మూసేది). అలాంటి ఇంటివాణ్ణి ఉద్యోగానికి సూరత్ వచ్చి చూస్తే, మాకు దొరికిన తెలుగు ఆరాధన ఒక్కటే, లింబాయత్‌లో జరీ దుకాణం మీది హాల్లో. మూడు శాఖల వాళ్లమూ కలిస్తే గానీ పరిచిన చాపలు నిండేవి కావు.

అక్కడ పాటలు పాడే అమ్మాయి నాకు నచ్చింది, నేనూ ఆమెకు నచ్చాను. చిక్కంతా వాళ్ల నాన్నతోనే. మరమగ్గాలు బాగుచేసే జాబర్ ఆయన, అందరికీ జాబర్ మామ. పెళ్లి మాటెత్తితే నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఏ చర్చోనివైనా నాకు ఫికర్ లేదు బ్రదర్. ఈడ అందరం ఒక్కటే. గని పుస్తకం జూసి సదివేటోనికి పిల్లనియ్య. వచ్చే ఐతారం నిలవడి నీ నోటితోని ప్రార్థన జెయ్, నేను ఇంట" అన్నాడు.

వారమంతా అన్నం సయించలేదు. ఆల్థాన్‌లోని నా గదిలో అద్దం ముందు నిలబడి పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టాను. ఉన్న ధైర్యమల్లా హాలు కింది సందులో ఆదివారం కూడా ఆగని మగ్గాల మోత. సగం మింగేసినా ఎవరికీ వినబడదులే అనుకున్నాను.

ఆదివారం రానే వచ్చింది. ఆరాధన ఇంకా మొదలు కాలేదు. అది అయ్యాకే అందరికీ భోజనాలు, అయినా వెనక గదిలోంచి అప్పుడే బగారన్నం వాసన. "ఇగ షురూ జెయ్ బ్రదర్" అన్నాడు మామ. లేచాను. నోరు తెరిచానో లేదో కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోయాయి, ఫ్యానూ ఆగిపోయింది. అంత నిశ్శబ్దం లింబాయత్‌లో నేను మళ్లీ వినలేదు. బట్టీ పట్టిన ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు కంచం ముందు అమ్మ చెప్పించిన మాటలే వణుక్కుంటూ బయటికొచ్చాయి.

"ప్రభువా, ఈ ఆహారము కొరకు నీకు స్తోత్రములు. వండిన చేతులను దీవించుము. ఆమెన్."

వాక్యమైనా చదవకముందే భోజనం ప్రార్థన! ఒక ముసలాయన నిజంగానే లేచి చెయ్యి కడుక్కోవడానికి బయల్దేరాడు. పెళ్లి మీద ఆశ వదిలేసుకుని, కళ్లు తెరిచే ధైర్యం లేక అలాగే నిలబడ్డాను. జాబర్ మామ గొంతు సవరించుకున్నాడు. "పొద్దుగాల్నుంచి పొయ్యి కాడ ఉన్నది నా బిడ్డ. గింత మందిమి గంటలు గంటలు ప్రార్థన జేస్తం, వండినోళ్ల చేతులు ఎవలకన్న యాదికొచ్చినయా? ఆమెన్ అనుండ్రి!"

మా పెళ్లికొచ్చిన నాయనమ్మ పాటకు చప్పట్లు కొట్టడం కళ్లారా చూశాను (అడిగితే దోమ అంది). మీది ఏ చర్చి అని ఎవరైనా అడిగితే మా పాప "లింబాయత్" అంటుంది. ఇప్పుడు నేను పుస్తకం ఊసే లేకుండా, గుక్క తిప్పుకోకుండా ప్రార్థిస్తాను. "ఆమెన్ అను ఇగ, అన్నం సల్లారవట్టె" అని మా ఆవిడ గొణిగేదాకా ఆపను. నా ప్రార్థన మోతలో నాకు అప్పుడప్పుడూ ఆ వణికిన కుర్రాడి మీద బెంగ పుడుతుంది. వాడు అడిగినంత నిజంగా నేను మళ్లీ దేవుణ్ణి ఏమీ అడగలేదు.