ఎడంచేతి అతుకు

వర్క్‌షాపులో ఆమెను అందరూ ఎడంచేతి అక్క అనేవారు. ముద్దుగానే పిలిచినా, మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ చేతికి రిబ్బను కట్టి మరీ కుడిచేత్తో రాయించేది. "ఎడంచేత్తో చేసిన పని నిలబడదే" అన్నది ఆవిడ రోజూ పాడే పాట. రిబ్బన్లు ఎన్నో చిరిగాయి గానీ అలవాటు మాత్రం పోలేదు.

సూర్యుడి వెలుగు సరిగా అందనంత దూరం పోయే అంతరిక్ష నౌకకు కరెంటు ప్లుటోనియం బిళ్లల వేడి నుంచే రావాలి. ఒక్కో బిళ్లను బొటనవేలంత లోహపు డబ్బీలో పెట్టి, మూత చుట్టూ వెల్డింగు చేయడం అక్క పని. అదీ గాజుపెట్టెకు బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి చేయాలి. మిగతావాళ్లు వెల్డింగు టార్చి కుడిచేత్తో పట్టి, డబ్బీని ఎడంచేత్తో తిప్పుతారు. అక్కది అంతా తారుమారు.

ఆమె మొదటి డబ్బీ ఎక్స్‌రే చూసి తనిఖీ పెద్దాయన కళ్లజోడు నుదుటిమీదికి తోశాడు.

"ఇదేంటమ్మా, అందరి అతుకూ ఇటు తిరిగితే నీది అటు తిరిగింది? కోసేసి వేరేవాళ్లతో చేయిద్దాం."

ఆ డబ్బీ పోతే గాజుపెట్టె దగ్గర అక్క చోటూ పోయినట్టే.

"ఎటు తిరిగితే ఏంటండీ? లీకుందో లేదో చూడండి. ఉంటే నేనే కోస్తాను."

ఆయన గొణుక్కుంటూనే డబ్బీని హీలియం పరీక్షకు పెట్టాడు. వెంట్రుకంత సందున్నా హీలియం బయటికొచ్చి మీటరు ముల్లు కదులుతుంది. పావుగంటైనా ముల్లు ఇసుమంత కూడా కదల్లేదు. ఆయన నమ్మలేక మళ్లీ పెట్టి చూశాడు, చివరికి నవ్వేశాడు.

"సరే తల్లీ, నీ దారి నీదే. పంపించు."

తొమ్మిదేళ్ల తర్వాత ఒక ఉదయం అందరినీ హాల్లోకి పిలిచి, నౌక పంపిన ఫొటో తెరమీద చూపించారు. అంతవరకు ఎవరూ దగ్గరగా చూడని మంచుగోళం అది. డబ్బీలన్నీ వెచ్చగానే ఉన్నాయని చెప్పారు. సంతోషం పట్టలేక అక్క పక్కనున్న పెద్దాయన వీపు మీద ఎడంచేత్తో ఒక్కటి చరిచింది. ఆయన కళ్లజోడు ఎగిరి కిందపడింది.

సాయంత్రం ఆ ఫొటో ఇంటికి తెచ్చింది. అమ్మ కళ్లు చికిలించి చూసింది.

"నువ్వు అతికించింది ఇంకా ఊడలేదా?"

"లేదమ్మా."

"ఏ చేత్తో అతికించావే?"

"ఎడంచేత్తోనే."

ఆవిడ చెప్పులేసుకుని, ఫొటో పట్టుకుని పక్కింటికి బయలుదేరింది. మెట్ల మీంచి గొంతు వినపడుతూనే ఉంది.

"మా అమ్మాయి చేసిందేనండీ! చిన్నప్పటి నుంచీ దానిది ఎడంచెయ్యే. నేనే దగ్గరుండి అలవాటు చేశాను!"