గోడ లేని ప్రదర్శన

ఇస్నాపూర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్నామె, పలకరింపైనా లేకుండా ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అక్కా, మా బిడ్డ కాలేజోళ్లు బొమ్మల ఎగ్జిబిషన్ ఆన్‌లైన్ల పెట్టిన్రు. జెర సూడున్రి."

తెరమీద తెల్లటి గోడలు. వేలితో జరిపితే గది తిరుగుతోంది. షిఫ్టు విడిచిన ఫ్యాక్టరీ గేటు బొమ్మ వాళ్లమ్మాయిదట. బాగా వేసింది. అందుకే నాకు మండింది.

"మేకు దిగని గోడకు ఎగ్జిబిషన్ ఏందమ్మా?" అన్నాను. "నేను గూడ బొమ్మల కాలేజీల చదివిన. మావి నిజం గోడలకే పెట్టిన్రు."

"నిజం గోడలైతే ఇంకా మంచిగుంటయి గదా! మేమైతే చాయ్ టైముల మా ఫ్యాక్టరీ ప్యాకింగ్ లైనోళ్లందరం ఈ ఫోన్లకే పోయి సూసొచ్చినం" అంటూ బొమ్మ కింద వాళ్లు రాసినవి చూపించింది. తెలుగు, హిందీ, ఒడియా. ఒకామె పెళ్లిలో అక్షింతలు వేసినట్టు, నూరేళ్లు చల్లగుండు బిడ్డా అని రాసింది.

"మీది సూడనీకి ఇంటోళ్లు ఎవరెవరొచ్చిన్రక్కా?"

ఆమె ఎత్తిపొడవలేదు, నిజంగానే అడిగింది. మా ఇంట్లోంచి ఒక్కరూ రాలేదు.

"నా స్టాపొచ్చింది" అని ఫోన్ తిరిగిచ్చేసి కందిలో దిగిపోయాను. నేను దిగాల్సింది సంగారెడ్డిలో. ఇంకో బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడి, ఆ పిల్ల గీసిన గేటును గుర్తు తెచ్చుకుంటూ అందులో వంకర వెతుక్కున్నాను.