గీతను ఒకటో తరగతికి సిద్ధం చేసిన పన్నెండు రోజులు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, మే నెలాఖరులో, శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోని ఒక ఉద్దానం ఊరి అంగన్‌వాడీకి ఐదేళ్లు నిండిన పిల్లల్ని పరీక్షించడానికి వెళ్లాను. అప్పుడు నేను సెక్టార్ సూపర్‌వైజర్ని. సెక్టార్ అంటే పాతిక కేంద్రాలు. వాటిలోని టీచర్లకూ ఆయాలకూ పైన నేను, నా పైన ప్రాజెక్టు అధికారిణి. జూన్‌లో బడులు తెరిచేలోగా ఐదేళ్ల పిల్లలందరినీ ఒకటో తరగతికి అప్పగించాలి. ఒక్కొక్కరికీ ఒక కార్డు ఉంటుంది. తన పేరు, తల్లిదండ్రుల పేర్లు చెప్పగలదా, పది వరకు లెక్కపెడుతుందా, తానే అన్నం తింటుందా, బయటికి వెళ్లాలంటే అడుగుతుందా అని చూసి టిక్కులు పెట్టాలి. దేనికీ జవాబివ్వని పిల్ల పేరు ప్రత్యేక అవసరాల కాలమ్‌లో రాసి, మండల కేంద్రంలో శిక్షణకు పంపాలి. ఆ కాలమ్‌లో పేరు రాయడం తేలిక, తీసేయించడం మహా కష్టం.

గీత అనే పిల్ల నా ముందుకొచ్చి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. పేరడిగాను. పలకలేదు. బొమ్మ ఇచ్చాను, అందుకోలేదు. వెనక నుంచి చప్పట్లు కొట్టాను, తల తిప్పలేదు. టీచర్ సావిత్రి నుదుటి చెమట తుడుచుకుంటూ, “మాటాడతాది మేడమ్. మీరొచ్చీవరకూ వాగుతానే ఉంది,” అంది. నేను నమ్మలేదు. తనిఖీ రోజున ప్రతి టీచరూ చెప్పే మాటే అది. కార్డు మీద ‘వినికిడి, మాట: అనుమానం’ అని రాసి, మర్నాడు తల్లిని పిలిపించమన్నాను. తల్లి సంతకం లేకపోతే ఆ కాలమ్ చెల్లదు.

తల్లి పార్వతి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలికి వెళుతుంది. జీడిపిక్కలు కొట్టే పని. మర్నాడు ఆమె రాగానే, మీ అమ్మాయికి వినపడుతున్నట్టు లేదు, తోటి పిల్లలతో ఈ ఏడు బడికి వెళ్లకపోవచ్చు అని చెప్పాను. ఏ తల్లయినా నాతో పోట్లాడుతుంది. ఈమె మాత్రం సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది. నాకు ఒళ్లు మండింది. కన్నతల్లివేనా నువ్వు, ఒక్క ప్రశ్నయినా అడగవా అని గొంతు పెంచి తిట్టాను. ఆమె కలం పట్టుకుని నేల చూస్తూ నిలబడింది.

అప్పుడు ఎవరో నా చీర కుచ్చెళ్లు లాగారు. గీత.

“మాయమ్మని తిట్టకండి,” అంది. “మాయమ్మ సెప్పినట్టే నోరు మూసుకున్నాను కదా.”

పార్వతి అక్కడే కూలబడింది. కాసేపటికి విషయం బయటికొచ్చింది. మధ్యాహ్నం కేంద్రం మూశాక గీతను చూసుకునే నాయనమ్మకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. ఆమె ఆసుపత్రికి వెళ్లే రోజుల్లో పార్వతి పిల్లను తనతో పిక్కలు కొట్టే షెడ్డుకి తీసుకెళుతోంది. అక్కడికి పిల్లల్ని రానివ్వకూడదు. ఏ ఆఫీసరు కంటయినా పిల్ల పడితే మళ్లీ పనిలోకి రానక్కర్లేదని యజమాని హెచ్చరించాడు. అందుకే పార్వతి కూతురికి ముందే నేర్పింది: ఫైలు పట్టుకున్నవాళ్లు వస్తే చేతులు దాచుకో, పేరు చెప్పకు, పిలిచినా తిరిగి చూడకు. నేను గీత చేతులు ముందుకు తీసి చూశాను. పిక్కల తొక్కలతో ఆడి ఆడి, చర్మాన్ని కాల్చే జీడి రసం అంటుకుని వేళ్లు నల్లబడ్డాయి. రెండు చోట్ల పొక్కి మానిన మచ్చలున్నాయి.

“నిజం సెప్తే పని పోతాది. పిల్లనట్టుకుపోతారేటో అనుకున్నాను మేడమ్,” అంది పార్వతి.

పిల్లల మనసు ఎలా తెలుసుకోవాలో టీచర్లకు శిక్షణ ఇచ్చేదాన్ని నేనే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. సిగ్గేసింది. నంబరున్న కార్డు చింపడానికి వీల్లేదు. రాసింది కొట్టేసి పక్కన పొడి సంతకం చేశాను. నియమం ప్రకారం ఆ వేళ్ల సంగతి పైకి రాయాలి. రాయలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. మధ్యాహ్నాలు పిల్లను తన ఇంట్లో ఉంచుకోవడానికి ఆయా ఒప్పుకుంది. షెడ్డు ప్రయాణం ఆగింది.

బడి తెరవడానికి ఇంకా పన్నెండు రోజులు. సావిత్రి రోజూ గీతతో పలక మీద రాయించింది, తన కంచం తనే కడుక్కోవడం నేర్పింది. ఇరవై దాకా గడగడా లెక్కపెట్టేది. నేను వెళ్లి ఫైలు తెరిస్తే మాత్రం చేతులు వెనక్కి, పెదాలు బిగుసుకుని. హాజరు పిలిచే ఆట ఆడించాం. రిజిస్టరు కనపడగానే మళ్లీ అంతే. ఫైలు సంచిలో దాచి మాట్లాడించడం నాకు చేతనవును. కానీ బడిలో హెడ్మాస్టరు రిజిస్టరుతోనే వస్తాడు. మొదటి రోజే పలక్కపోతే నేను కొట్టేసిన మాట ఆయన మళ్లీ రాస్తాడు. కార్డులు ఇవ్వాల్సిన ఆఖరి రోజు వచ్చేసింది. గీత కార్డులో టిక్కుల గళ్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. నాకు ఆ ముందు రాత్రి నిద్రలేదు.

“తాళం ఏసినోలే తియ్యాల మేడమ్,” అంది సావిత్రి. “పిల్ల తల్లిని పిలుద్దాం.”

పార్వతి పూట కూలి వదులుకుని వచ్చింది. నేనేమీ చెప్పకుండానే నా ఫైలు తన చేతిలోకి తీసుకుని కూతురి ఎదుట కూర్చుంది.

“నీ పేరేటమ్మా?”

గీత తల్లిని చూసింది, ఫైలు చూసింది. చేతులు వెనకే ఉన్నాయి.

“సెప్పు. ఇంకెవులడిగినా సెప్పు. నానే సెప్తన్నాను.”

మెల్లగా చేతులు ముందుకొచ్చాయి. తన పేరు చెప్పింది, తల్లి పేరు, తండ్రి పేరు చెప్పింది. ఎవరూ అడక్కుండానే, “మాయమ్మ పలాసలో జీడిపిక్కలు కొడతాది. నానూ ఎల్లీదాన్ని,” అని కూడా చెప్పింది. పార్వతి ముఖం పాలిపోయింది. అయినా కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు.

సాయంత్రం అన్ని గళ్లలో టిక్కులతో కార్డు హెడ్మాస్టరుకి అప్పగించాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, జవాబివ్వని పిల్ల పేరు మొదటి రోజున ఏ కాలమ్‌లోనూ రాయనివ్వలేదు. ఇంట్లో ఏం చెప్పి పంపారో కనుక్కున్నాకే రాయమన్నాను. బడికి వచ్చేనాటికి పిల్లలకు ఏమీ రాదని మనం అనుకుంటాం. గీత అప్పటికే ఒక పాఠం తప్పు లేకుండా నేర్చుకుంది. నేను ఆ పాఠానికి చెవుడని పేరు పెట్టబోయాను.