టైలరమ్మకు వినబడిన మాట

టైలరమ్మ ప్రార్థనకు వచ్చినా మెడలో టేపు తీయడం మరిచిపోతుంది. భర్త పోయినప్పటి నుంచి ఇంట్లో వంట లేదు. మిషను మీద నుంచి లేవకుండానే నాలుగు బిస్కెట్లు టీలో ముంచుకుంటుంది. ఏడవదు. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతుంది. ప్రతి శుక్రవారం పాస్టరమ్మ ఇంట్లో అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ దేవుడు వినిపించిన ఒక్క మాట చెబితే, మిగతావాళ్లు దానికి అర్థం వెతుకుతారు. టైలరమ్మకు ఏమీ వినబడదు. ఆ సంగతి చెబితే జాలిపడతారని, కళ్లు తెరవగానే ఏది కనబడితే అది చెప్పేస్తుంది. పోయినసారి మూలనున్న కాలు విరిగిన కుర్చీ కనబడితే "కుర్చీ" అంది. "ప్రభువు నీకు విశ్రాంతి సిద్ధం చేశాడమ్మా!" అంటూ పాస్టరమ్మ కళ్లొత్తుకుంది. అందరూ "ఆమెన్" అన్నారు. టైలరమ్మ కూడా అంది.

ఈ శుక్రవారం ఆమెకు నిజంగానే ఒక మాట వినబడింది. "తిన్నావా?" పని నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ భర్త రోజూ అడిగే మాట. కళ్లు తెరిచేసరికి అందరూ తనవైపే చూస్తున్నారు. "నీకేం వినిపించిందక్కా?" అంది పక్కనున్న నర్సు. "ఈసారి ఏమీ లేదమ్మా," అంది టైలరమ్మ. ఇంటికెళ్లి, మెడలో టేపు తీసి మేకుకు తగిలించి, పొయ్యి మీద ఎసరు పెట్టింది.