చెరకుతోట ఒప్పుకున్న సైకిలు

గురువారం, సాయంత్రం అయిదున్నర. బోధన్ శివారు, చెరకుతోట గట్టు. హాజరైనవారు: నేను, బావగారి సైకిలు, వ్యాపార చట్టం గైడు, ఇంకొకరు (పేరు తెలియదు, కనబడలేదు).

నా పాత డైరీలో ఆ పేజీ ఇలాగే మొదలవుతుంది. కొత్తగా నేర్చిన మాటను పైకి అని చూసుకోకుండా ఉండలేని వయసు అది. డిగ్రీ మొదటి సంవత్సరంలో నాకు దొరికిన కొత్త మాటలు ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం. కాలేజీ కోసం బోధన్‌లో అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. నిజామాబాద్‌లో మా బాపుకు బీడీ ఆకు దుకాణం ఉండేది. చదువు సాగకపోతే ఆ ఆకు కట్టల మధ్య కూర్చోవాలన్నది ఇంట్లో జరిగిన ఒప్పందం (దానికి నా అంగీకారం ఎవరూ అడగలేదు). బావ మంచివాడే కానీ సైకిలు విషయంలో మనిషి మారిపోయేవాడు. ఆదివారం పొద్దున చక్రాల్లో ఒక్కో పుల్లనూ విడివిడిగా తుడిచేవాడు. ఆ వారం జక్రాన్‌పల్లిలో పెళ్ళికి పోతూ దాన్ని నాకు అప్పగించి, "దీనికి ఏమన్న అయిందంటె చదువు బంద్. సీదా నిజామాబాద్ బస్సెక్కుడే," అన్నాడు. బావకు పరిహాసం అలవాటు లేదు.

మా లెక్చరరు ఒక సలహా ఇచ్చాడు. గైడులో ఒకడు తన గుర్రాన్ని ఇంకొకడికి అమ్మజూపే ఉదాహరణలుంటాయి, మీకెవరికీ గుర్రాల్లేవు కాబట్టి మీ చేతిలో ఉన్న వస్తువు పెట్టి చదువుకోండి, బుర్రకెక్కుతుంది అని. నా చేతిలో ఉన్నది సైకిలు. రోజూ సాయంత్రం దాన్ని తోట పక్కన స్టాండు వేసి, గట్టెక్కి, కోతకొచ్చిన చెరకు వైపు తిరిగి, "ఈ సైకిలును నీకు ఇవ్వజూపుతున్నాను, పుచ్చుకుంటావా?" అని గొంతెత్తి చదివేవాణ్ణి. మనిషికి రెండింతలు ఎత్తున్న చెరకు, లోపల నాలుగడుగుల అవతల ఏముందో కనబడదు. వారం రోజులు అది మర్యాదగా విన్నది. ఆ గురువారం జవాబిచ్చింది.

"తీస్కుంట."

గట్టిగా కాదు. అలసిపోయిన మనిషి నేల మీద కూర్చుని అన్నట్టుగా వచ్చింది. గాలి లేదు, ఒక్క ఆకు కదలలేదు. దూరంగా ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్ల గంటలు వినబడుతున్నాయి, అవి కూడా ఆగిపోయినట్టు తోచింది. "ఎవరూ?" అన్నాను. జవాబు లేదు. డైరీలో "సమయం 5.40, గాలి శూన్యం" అని రాసుకున్నాను, కానీ అది ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాక రాసింది.

అక్క బియ్యం ఏరుతూ విన్నది. "గా తోటకాడికి పోకు తమ్మీ. ముందటి కావలి ముసలాయన గా తోటలనే సచ్చిపోయిండు. పందులు రాకుంట డబ్బా కొట్టెటోడు. పిలిస్తె ఇప్పటికి పలుకుతడంటరు."

"నేను పిలవలేదక్కా, సైకిలు ఇవ్వజూపాను."

"మీ బావ సైకిలా?" అని అక్క చేట కింద పెట్టింది. ముసలాయన సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు కాలేజీలో నా స్నేహితుడికి చెప్పాను. వాళ్ళ మేనమామ ఒక వకీలు దగ్గర గుమస్తా, అందుకని మేం వాణ్ణి ప్లీడర్ అనేవాళ్ళం. వాడు కళ్ళు మూసుకుని విని, "ప్రతిపాదన ఉన్నది, అంగీకారం ఉన్నది. ఇరుక్కున్నవ్‌రా," అన్నాడు. సచ్చినోడికి ఒప్పందం చేసుకునే అర్హత ఎక్కడిదని నేను వాదించాను. గైడు తీశాం. మైనర్లు పనికిరారని ఉంది, మతి స్థిమితం లేనివాళ్ళు పనికిరారని ఉంది. ప్లీడర్ వేలితో గీత గీత వెతికి, "సచ్చినోళ్ళ ముచ్చట ఈ పేజీల రాయలే. అంటె మనాయి లేదు, అడ్డేం లేదు," అని తేల్చాడు. నా ముఖం చూసి జాలిపడి, "ఆయన నీకేమన్న ఇచ్చిండా? లేదు గద. ప్రతిఫలం లేకుంటె ఒప్పందం చెల్లది. అయినా పోయి వాపస్ తీస్కో. ఏ తోవల చెప్పినవో గా తోవలనే చెప్పాలె," అన్నాడు. (తను మాత్రం తోడు రాలేదు. ప్లీడర్లు ఘటనాస్థలానికి రారట.)

అందుకని శుక్రవారం అదే వేళకు, అదే గట్టు మీద, సైకిలు వెనక నిలబెట్టి, "నిన్నటి నా ప్రతిపాదనను ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను," అన్నాను. చెరకు ఊరుకుంది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగితే, సైకిలు క్యారియరు మీద ఒక తడిగుడ్డ మూట కట్టి ఉంది. వచ్చినప్పుడు లేదు. ముడి విప్పితే లోపల బెల్లం ముద్ద.

ప్రతిఫలం.

"తీస్కుంట," అంది చెరకు, ఈసారి బాగా దగ్గర నుంచి.

నేను పరుగెత్తాను. కాలవ గట్టు దాటి అక్క వాకిట్లో పడేదాకా ఆగలేదు. అక్క నా వెనక్కి చూసి, "సైకిలేది?" అని అడిగినప్పుడు తెలిసింది, దాన్ని అక్కడే వదిలేసి వచ్చానని. బావ తెల్లారి మొదటి బస్సుకు వస్తాడు. ఆ రాత్రి నాకు దయ్యం గుర్తు రాలేదు, బీడీ ఆకు వాసనే వచ్చింది.

మర్నాడు ఇంకా మంచు విడవకముందే వాకిట్లో గంట మోగింది, బావ సైకిలు గంటే. తలుపు తీస్తే ఒక బక్కపలచటి మనిషి, తలకు మఫ్లరు, క్యారియరు మీది మూటతో సహా సైకిలును నడిపించుకుంటూ వచ్చి నిలబడ్డాడు. తోట యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు, ఈ వచ్చినాయన ఆ రైతు పెట్టుకున్న కొత్త కావలి మనిషట.

"బెల్లం ఇడిసిపెట్టి ఉర్కినవేంది బిడ్డా? చెప్పకుంట సైకిల్ తీస్కపోతె బాగుండదని ఇల్లు తెల్సుకొని వచ్చిన."

వారం రోజులుగా నా పిలుపు విన్నాడట. కందకుర్తిలో ఇల్లు, పోయి రావాలంటే నడకే. ఎవరో పిల్లగాడు రోజూ సైకిలు ఇస్తానని బతిమాలుతున్నాడు, పాపం పుచ్చుకుందామా అని భార్యను అడిగాడట. ఉన్నది ఇచ్చి తెచ్చుకోమని ఆమె బెల్లం కట్టి ఇచ్చిందట.

"కానీ నేను వెనక్కి తీసుకున్నాను కదా," అన్నాను.

"నువ్వు గా ఉపన్యాసం చెప్పకముందే మూట కట్టిన."

చట్టం ఆయన వైపే ఉంది. నేను తలవంచుకుని, "అసలది నా సైకిలు కాదు. మా బావది," అన్నాను.

ఆయన సైకిలునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "నీది కానిదాన్ని ఇస్త ఇస్త అని వారం దినాలు ఎందుకు అరిసినవ్?"

"చదువుకుంటున్నాను."

"చదువంటె గిట్లనే ఉంటదా? ఇస్తమని, ఇయ్యకుంట ఉండుడా?" కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆయన సైకిలును గోడకు ఆనించి, సీటు మీద మంచు తుడిచాడు. అక్క చాయ్ ఇచ్చింది. బిగిసిన నా ప్రాణం వదులైంది. నవ్వొచ్చి, "గురువారం మాత్రం నన్ను చంపేశావు," అన్నాను.

"గురువారమా? బుధారం నాడే ఇంటికి పోయిన నేను. నిన్న పగటిపూట వచ్చిన."

"మరి గురువారం తీసుకుంటానన్నది ఎవరు?"

ఆయన కప్పు కింద పెట్టి తోట వైపు చూశాడు. చెరకు మంచులో సగానికి మునిగి ఉంది. "అట్లనా. అయితే నాకంటె ముందు ఒప్పుకున్నోడు ఉన్నడన్నట్టు. నాకెట్ల వస్తది మరి," అని బెల్లం మూట చంకన పెట్టుకున్నాడు.

"ఆయన నాకేమీ ఇవ్వలేదు," అన్నాను, ప్లీడర్ మాట గుర్తొచ్చి. "ఇవ్వకపోతే చెల్లదు."

"ఇంకా ఇయ్యలే," అని ఆయన లేచాడు. "ఆయనకు తొందరేమున్నది బిడ్డా."

బావ బస్సు దిగి వచ్చి, సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిగ చూసుకున్నవ్," అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ ఏడు పరీక్షలో ప్రతిఫలం మీద ప్రశ్న వచ్చింది, గుర్రం ఉదాహరణే రాశాను. తర్వాత ఉద్యోగంలో ఎన్నో ఒప్పంద పత్రాలు చూశాను, ఎన్నింటికో సాక్షి సంతకం పెట్టాను. ఈ వయసులో కూడా, పొద్దున తలుపు తీసినప్పుడు గడప మీద ఎవరో పెట్టిపోయిన మూట కనబడితే వెంటనే ముట్టుకోను. పక్కింటివాళ్ళ కూరగాయలేనని తెలిసినా సరే, ముందు బయటికి వినబడేలా "ఎవరిదండీ ఇది?" అని అడుగుతాను. లోపలి నుంచి మనవరాలు నవ్వుతుంది. నేనూ నవ్వుతాను, కొంచెం ఆగి, జవాబేమీ రాలేదని తేల్చుకున్నాక.