పది చుక్కల దాకా ఆగాలి

కెమిస్ట్రీ ల్యాబులో ఆయన్ని అందరూ బాబాయి అనే పిలుస్తారు. విద్యార్థులకీ బాబాయే, వాళ్లకి పాఠం చెప్పే లెక్చరర్లకీ బాబాయే, ఆయన కంటే ఏడాది పెద్దయిన గేటు వాచ్‌మన్‌కీ బాబాయే. ఇంట్లో భార్య మాత్రం సరదా పుట్టినప్పుడు "సీసాలాయనా" అంటుంది. ఇరవై ఏళ్ల వయసులో సీసాలు కడిగే పనికి చేరాడు మరి. ఆ తర్వాత గాజు గొట్టాలు వంచడం, ద్రావణాలు కలపడం, మొరాయించిన త్రాసుని దారికి తేవడం ఒక్కొక్కటే చేతికొచ్చాయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అట్ట ఊడిన ప్రయోగాల పుస్తకం ఒకటి చెత్తబుట్ట పాలవుతుంటే అడ్డుపడి తీసుకుని, మధ్యాహ్నం అన్నం తినే వేళల్లో పేజీ పేజీ చదివాడు. అర్థం కానిదల్లా చేసి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన చదువు అంతే.

వెనక బల్ల దగ్గర, ద్రావణాలు కొలిచే పిపెట్లు తుడుస్తూ ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన విన్న పాఠాలకి లెక్కలేదు. ఎవరు చెప్తుంటే పిల్లల చేతులు కదులుతాయో, ఎవరు చెప్తుంటే మెడలు గడియారం వైపు తిరుగుతాయో ఆయనకి తెలుసు. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ చెప్పలేదు.

అడిగింది డాక్టరమ్మ.

కాలేజీ గోడ అవతల ఒక పరిశోధనా సంస్థ ఉంది. డాక్టరేటు చేతికొచ్చాక కూడా ఇంకో రెండు మూడేళ్లు అక్కడ పరిశోధనలోనే గడిపేవాళ్లని పోస్ట్‌డాక్‌లంటారు. వాళ్లలో రేపు పాఠాలు చెప్పుకుని బతకాలనుకునేవాళ్లు ముందు ఈ కాలేజీలో ఒక టర్ము చెప్పి అనుభవం తెచ్చుకోవాలి. క్లాసు అప్పగించే ముందు ముగ్గురు పెద్దల ఎదుట, నిజమైన విద్యార్థులకి ఒక పాఠం చెప్పి చూపించాలి. అవకాశాలు మూడే. డాక్టరమ్మ కూడా అలాంటి పోస్ట్‌డాకే, రెండు పోగొట్టుకుంది. మొదటిసారి యాభై నిమిషాల్లో అరవై రెండు స్లయిడ్లు తిప్పింది. రెండోసారి, ప్రశ్నలు అడగాలని ఎవరో చెప్తే, అడిగింది. అయినా పెద్దసారు, అంటే డిపార్టుమెంటు హెడ్డు, "విద్యార్థులు పాల్గొనలేదు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మూడోది వచ్చే గురువారం. అదీ పోతే ఆ తలుపు మూసుకున్నట్టే.

రెండో పాఠం అయిపోయి ల్యాబు ఖాళీ అయ్యాక కూడా ఆమె స్టూలు మీంచి లేవలేదు.

"పదకొండు ప్రశ్నలడిగాను బాబాయ్. ఒక్కళ్లూ నోరు విప్పలేదు. అంత మొద్దులా వీళ్లు?"

"పదకొండు కరెక్టే. నేనూ లెక్కపెట్టా," అన్నాడు బాబాయి, చేతిలో పిపెట్టు మీంచి చూపు తిప్పకుండా. "పదకొండింటికీ జవాబు మీరే చెప్పారు డాక్టరమ్మా."

"వాళ్లు చెప్పకపోతే ఏం చేయను?"

"చెప్పనిస్తే కదా! అన్నం వడ్డించి, ముద్ద కలిపేలోగా కంచం లాగేసి, పిల్లలు తినలేదంటే ఎట్లా?"

ఆమెకి చురుక్కుమంది. "లేదు, నేను ఆగాను. అయిదారు సెకన్లయినా ఆగుంటాను."

వాదించడం బాబాయికి చేతకాని పని. స్టాండుకి ఒక బ్యూరెట్టు, అంటే కింద కొళాయి ఉన్న సన్నటి గాజు గొట్టం బిగించి, నీళ్లు పోసి, సెకనుకో చుక్క పడేలా కొళాయి తిప్పి, కింద బీకరు పెట్టాడు.

"ఇందాకటి ప్రశ్న ఏదో ఒకటి నన్నడగండి. అడిగి ఆగండి."

ఆమె అడిగింది. టప్. టప్. "అంటే ఇక్కడ ఏం జరుగుతుందంటే..." అనేసింది.

బాబాయి రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. ఆమె బీకరు వైపు చూసింది, ఆయన వేళ్ల వైపు చూసింది, తల పట్టుకుంది. సెకనులో కోటో వంతు కొలిచే పరికరాలతో రోజూ పనిచేసే మనిషి, తన రెండు సెకన్లని ఆరనుకుంది.

ఆ మర్నాటి నుంచి రోజూ గంట సాధన. నియమం ఒక్కటే. ప్రశ్న అడిగాక పది చుక్కలు పడేదాకా పెదవి కదపకూడదు. మొదటి రోజు నాలుగు దాటలేదు. రెండో రోజు పది దాకా వెళ్లింది కానీ మధ్యలో డస్టరు తీసుకుని బోర్డు తుడవబోయింది.

"అది కూడా మాట్లాడటమే," అన్నాడు బాబాయి. "పెట్టెయ్యండి దాన్ని."

ఆమె రాసుకొచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఆయన పక్కన పెట్టించాడు. "ఫలానా దాని పేరేంటని అడిగితే తెలిసినవాడు చెప్తాడు, తెలియనివాడు తల దించుకుంటాడు. తప్పు చెప్పినా పరువు పోని ప్రశ్న కావాలి."

"అలాంటిదేముంది?"

"ఏటా చూస్తున్నా. టైట్రేషన్ చేస్తూ ఎవరో ఒకరు ఫ్లాస్కు గోడలు నీళ్లతో కడుగుతారు. వెంటనే రీడింగు పాడైందేమోనని గుండెలు బాదుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. ఆ భయమే అడగండి."

"దానికి జవాబు ఒక్క లైను బాబాయ్!"

"లైను మీకు. వాళ్లకి గంట పని."

ఇంట్లో ఈ సంగతి తెలిసి భార్య కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. "అంత చదువుకున్నామెకి మీరు పాఠం చెప్పడం నేర్పుతున్నారా?"

"నేర్పేదేముంది? కాసేపు నోరు మూసుకోమంటున్నా, అంతే."

"ముప్పై ఏళ్లుగా నాకూ అదే చెప్తున్నారు. ఏమన్నా లాభం కనిపించిందా?"

బుధవారం సాయంత్రం బాబాయి ఆ బ్యూరెట్టుని విప్పి, కడిగి, ఆరబెట్టి, కొళాయికి వేసలీను రాశాడు. వేసలీను సంగతిలో ఆయన ఎవరినీ క్షమించడు. కనీకనపడని పొరలా ఉండాలే గానీ గోడకి సున్నంలా పూయకూడదని కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ చెప్తాడు. ఆ రోజు మాత్రం, రేపు ఆమె తిప్పేటప్పుడు బిగుసుకుంటే ఎలా అన్న బెంగతో, ఇంకో వేలెడు తీసుకుని రాశాడు.

గురువారం ముగ్గురు పెద్దలూ వెనక బెంచీలో కూర్చున్నారు. బాబాయి పక్కనే పిపెట్ల స్టాండు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు పాఠం టైట్రేషన్, అంటే యాసిడ్‌లోకి బేస్ చుక్కచుక్కగా వదిలి, రంగు మారడానికి ఎంత పట్టిందో కొలవడం. డాక్టరమ్మ ఫ్లాస్కులో యాసిడ్ కొలిచి పోసింది, రంగు మార్పు చూపే ఇండికేటర్ రెండు చుక్కలు వేసింది, తర్వాత అడిగింది.

"ఇందులోకి ఇంకో యాభై మిల్లీలీటర్ల నీళ్లు పోశాననుకోండి. రంగు మారడానికి బేస్ ఎక్కువ పడుతుందా, తక్కువ పడుతుందా, అంతే పడుతుందా?"

బల్ల చివరన ఉన్న నీళ్ల బ్యూరెట్టు కొళాయి తిప్పింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

ఏడో చుక్క పడలేదు.

బాబాయికి క్షణంలో తెలిసిపోయింది. ఎక్కువైన వేసలీను జారి గాజు మొనలో అడ్డుపడింది. జేబులో సన్నటి తీగ ఉంది. వెళ్లి పొడిస్తే అరనిమిషం పని. కానీ తను కదిలితే అరవై కళ్లూ తన వెంట వస్తాయి, ఆమె ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. తీగని వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నచోటే ఉండిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో కళ్లెదుట పాడైన పరికరాన్ని ముట్టుకోకుండా నిలబడటం ఆయనకి అదే మొదటిసారి.

డాక్టరమ్మ మనసులో లెక్కపెట్టుకుని ముందుకు పోవచ్చు. కానీ కంటితో చూడని రీడింగు పుస్తకంలో రాయని జాతి ఆమెది. ఏడోది పడితే గానీ ఎనిమిది లేదు. పెదవులు బిగించి నిలబడింది. పదిహేను సెకన్లు. ఇరవై. పెద్దసారు చేతి గడియారం చూసుకున్నాడు. ముందు వరసలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

"ఎక్కువ పడుతుంది మేడమ్," అంది మూడో వరసలోంచి ఒక గొంతు, ఆ నిశ్శబ్దం భరించలేక.

ఆమె తల ఊపింది, అంతే. ఔననలేదు, కాదనలేదు.

"ఎక్కువెందుకే? నీళ్లు పోస్తే యాసిడ్ పెరుగుతుందా?" అంది పక్కనున్న అమ్మాయి.

"పలచబడుతుంది కదా, తక్కువే పడుతుంది," అన్నాడు కిటికీ పక్క కుర్రాడు.

"ఓరి నీ తెలివీ! గ్లాసుడు ఉప్పునీళ్లు బిందెలో పోస్తే ఉప్పు ఎక్కడికి పోతుందిరా? ఉన్నదంతా అందులోనే కదా!" అన్నాడు వాడి వెనక కూర్చున్నవాడు.

క్లాసు మూడు ముక్కలైంది. డాక్టరమ్మ చెప్పిన ముక్క ఒక్కటే. "చేసి చూడండి." సగం బల్లల వాళ్లు నీళ్లు కలిపి చేశారు, సగం కలపకుండా చేశారు. గులాబీ రంగు తేలేసరికి ఇక్కడ పద్దెనిమిది పాయింట్ నాలుగు, అక్కడ పద్దెనిమిది పాయింట్ అయిదు మిల్లీలీటర్లు, దాదాపు ఒకటే. కిటికీ పక్క కుర్రాడు నమ్మక ఇంకోసారి చేశాడు. చివరి పది నిమిషాలు ఆమె పాత అలవాటు కొద్దీ పరుగెత్తి పరుగెత్తి చెప్పింది గానీ అప్పటికి ఎవరూ గడియారం వైపు చూడటం లేదు.

పెద్దసారు కాగితం మడుస్తూ అన్నాడు. "వచ్చే టర్ము ఈ క్లాసు మీదేనమ్మా. చివర్లో కాస్త నిదానం కావాలి. అదలా ఉంచండి, అంతసేపు నిబ్బరంగా ఎలా ఆగగలిగారు?"

"ఏడో చుక్క కోసం చూస్తున్నాను సార్," అంది ఆమె. ఆయనకేమీ అర్థం కాలేదు. బాగుందన్నట్టు తల ఊపి వెళ్లిపోయాడు.

బాబాయి అప్పటికే బ్యూరెట్టు మొనలో తీగ దూరుస్తున్నాడు. తెల్లటి ముద్ద ఊడొచ్చింది.

"తప్పు నాది డాక్టరమ్మా. వేసలీను దిట్టంగా పూశాను."

"మరి లేచి రాలేదేం? నాకు అక్కడ చెమటలు పట్టాయి!"

"నాకూ పట్టాయి. మిమ్మల్ని ఆగమని చెప్పి నేను పరిగెత్తుకొస్తే బాగుంటుందా?"

ఆమె నవ్వుతూ స్టూలు లాక్కుని కూర్చుంది. "మా సంస్థలో ఇంకో ఇద్దరున్నారు బాబాయ్, నాకంటే వసపిట్టలు, సోమవారం పంపనా?" అంది.

"పంపండి. ముందు బ్యూరెట్లు కడగడం దగ్గర మొదలెడదాం," అని ఆయన చేయి తుడుచుకుని, అల్మారా తలుపు లోపలివైపు, తన కళ్లకి మాత్రమే కనబడేచోట, సుద్దముక్కతో రాసుకున్నాడు: వేసలీను, పొర మాత్రమే.