పెన్సిలు మందం సందు

బాపట్లలో ఆ సాయంత్రం నాటకం మధ్యలో తలుపు ఇరుక్కుపోయింది నా వల్లే. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ తేదీ కింద "జనం బాగా వచ్చారు. ఉక్కగా ఉంది" అని రెండు ముక్కలే ఉన్నాయి. నిన్న మళ్ళీ బాపట్లలోనే, ఒక షూటింగ్ కోసం వేస్తున్న ఇంటి సెట్టులో, అప్పుడే పూసిన డిస్టెంపరు వాసన సముద్రపు గాలితో కలిసి ముక్కుకు తగిలింది. చేతిలో పని వదిలేసి కొత్త తలుపు దగ్గరకు వెళ్ళాను. చెవి మీదున్న పెన్సిలు తీసి, తలుపుకీ గుమ్మానికీ మధ్య సందులో చుట్టూ జరిపి చూశాను. ఎక్కడా ఆగలేదు. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు. నాకు ఈ పని నేర్పిన వెంకటరత్నం మేస్త్రిగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయనతో అనలేకపోయిన మాటను, ఆయన్ని ఎరగని మీతో చెప్పుకుంటున్నాను.

డిగ్రీ అయ్యాక రేపల్లెలో ఇంటిపట్టునే ఉండి, లైబ్రరీ పుస్తకాలు చదువుకుంటూ, చుట్టాలొస్తే లోపలి గదిలోకి జారుకునే పిల్లను నేను. తెనాలిలో మా చిన్నాన్న నాటకాలాడేవాడు. నా చేతిరాత బాగుంటుందని ఎవరి పాత్ర మాటలు వాళ్ళకు విడిగా రాసిపెట్టమన్నాడు. ఆ కాగితాలు పట్టుకుని పాసింజరు రైల్లో తెనాలి వెళ్ళి, రిహార్సల్సు జరిగే షెడ్డులో అడుగుపెట్టాను. నటులెవరూ ఇంకా రాలేదు. కాలవ వైపు గోడ దగ్గర ఒక పెద్దాయన ఒక్కరే ప్లైవుడ్ షీటు కొలుచుకోలేక అవస్థ పడుతున్నారు. ఆయనే వెంకటరత్నం మేస్త్రిగారు. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడగలేదు.

"ఆ చివర పట్టుకో అమ్మాయ్" అన్నారు.

పట్టుకున్నాను.

"గట్టిగా. అది టేపమ్మా, పాము కాదు."

సాయంత్రం దాకా ఆ చివర పట్టుకుంటూనే ఉన్నాను. అన్ని గంటల్లో నేను నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను. అది ఆయనకు లోటనిపించినట్టు లేదు. నన్ను మాట్లాడించాలని చూడని పెద్దమనిషిని నేను అంతకుముందు ఎరగను. వెళ్ళేటప్పుడు మాత్రం, "రేపు కూడా రా. పొడుగ్గా ఉన్నావు, నిచ్చెన పని తప్పుద్ది నాకు" అన్నారు. మర్నాడు వెళ్ళాను. ఆ తర్వాత రెండేళ్ళు వెళ్ళాను.

ఆయన నాకు ముందు నేర్పింది కట్టడం కాదు, విప్పడం. పాత సెట్టు ఒకటి షెడ్డులో నిలబెట్టి, చేతికి స్పానరు ఇచ్చి, ఊడదీసి గోడకు చేర్చమన్నారు. మధ్యాహ్నమంతా పట్టింది నాకు. పోటీల్లో ఒక నాటకం అయ్యీ అవగానే రెండో వాళ్ళు స్టేజీ ఎక్కడానికి కాచుకుని ఉంటారు. మన ఇల్లు అప్పటికి లారీలో ఉండాలి. అందుకే గోడ చట్రాలకు మేకులుండవు, బోల్టులే. తలుపు బందుల్లో ఇనప పుల్ల పైకి లాగితే చాలు, తలుపు ఊడి చేతికొచ్చేస్తుంది. ఇదంతా తెలియక మొదటిసారి నేను ఒక కిటికీని ఆరు మేకులు కొట్టి బిగిస్తే, ఆయన దాన్ని ఊపి చూసి, ఊడకపోయేసరికి నవ్వారు.

"ఏంటమ్మా ఇది, కాపరానికా? ఇక్కడికి దొంగలు రారు, నటులొస్తారు. పీకు."

రంపం ఎలా పట్టాలో, మూలమట్టం పెట్టి గీత ఎలా గీయాలో, చిత్రిక ఎటు వాలుగా పడితే చెక్క పేళ్ళు లేవవో, అన్నీ ఇలాగే ఒకటి రెండు మాటల్లో వచ్చాయి. పుస్తకాల్లోంచి నేర్చుకున్నవాటికంటే అవి చేతుల్లో బాగా నిలిచాయి. ఆరు నెలలకు మొదటిసారి ఒక తలుపు మొత్తం నాకే వదిలేశారు. ఒకటే షరతు. తన వడ్రంగం పెన్సిలు, ఆ బల్లపరుపు ఎర్ర పెన్సిలు, సందులో చుట్టూ తిరగాలి.

"అంత సందు ఎందుకండి బాబాయిగారూ? అందంగా ఉండదు కదండి."

"రంగు తాగితే చెక్క ఉబ్బుద్ది. లారీలో కుదిపితే గుమ్మం మూల తప్పుద్ది. దాని ఇబ్బందులు దానికుంటయ్యి. కాస్త చోటివ్వాలి."

ఇచ్చాను. కానీ రిహార్సల్ నాడు లోపలి లైటు ఆ సందులోంచి సన్నగా గీతలా పడింది. నాటక సమాజం సెక్రటరీ గారు ముందు వరసలో కూర్చుని, "ఏంటి మేస్త్రీ, మీ శిష్యురాలి తలుపులోంచి లోపలోళ్ళ చొక్కాలు లెక్కపెట్టొచ్చు!" అన్నారు. అందరూ నవ్వారు. మేస్త్రిగారు కూడా నవ్వి ఊరుకున్నారు. నాకు చెవులు కాలిపోయాయి. మర్నాడు మేస్త్రిగారు భోజనానికి వెళ్ళినప్పుడు, ఒక టేకు బద్ద ఏరుకుని, పలచగా, అద్దంలా చిత్రిక పట్టి, గడియ వైపు గుమ్మానికి జిగురుతో అతికించి రంగు పూసేశాను. సందు మాయమైంది. తలుపు హాయిగా పడింది, తెరుచుకుంది. ఎవరికీ చెప్పలేదు. అంత గర్వం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

బాపట్లలో దిగేసరికి లారీ కుదుపుకి మెట్ల సెట్టు విరిగింది. మేస్త్రిగారు దాన్ని బాగుచేసే పనిలో పడ్డారు. ఈలోగా సెక్రటరీ గారు గోడ రంగు వెలిసినట్టుందని ఇంకో పూత వేయించారు, తలుపుతో సహా. మెట్ల కిందనుంచి మేస్త్రిగారు కేకేశారు.

"తలుపు చూశావా అమ్మాయ్?"

"చూశానండి" అన్నాను. చూసింది పూతకు ముందు.

నాటకంలో కూతురు అలిగి పుట్టింటికి వస్తుంది. తండ్రి స్టేజీ మీద, "తలుపు తీసే ఉందమ్మా, రా" అంటాడు. తలుపు రాలేదు. ఆ అమ్మాయి తోసింది. గోడంతా ఊగింది. గోడ మీద దేవుడి పటం పక్కకు వాలింది. "కిటికీలోంచి రామ్మా!" అని జనంలో ఎవరో అరిచారు. ఇక నవ్వులే నవ్వులు. వెనక నేను కొయ్యలా నిలబడిపోయాను. మేస్త్రిగారు కుంటుకుంటూ వచ్చి, సుత్తితో బందుల పుల్లలు రెండూ పైకి తట్టి, తలుపును ఊడబెరికి పక్కకు లాగారు. కూతురు లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఆయన తలుపును కింద పెట్టలేదు. గుమ్మం వెనక రెండు చేతులతో నిలువుగా పట్టుకుని, ఎవరైనా వస్తుంటే తీస్తూ, వెళ్ళగానే వేస్తూ, నాటకం అయ్యేవరకు మోకాళ్ళ నొప్పితో అక్కడే నిలబడ్డారు. ముందున్నవాళ్ళకు అది మామూలు తలుపే.

తెర పడగానే సెక్రటరీ గారు వచ్చిపడ్డారు.

"కళ్ళు ఆనకపోతే ఆనటం లేదని చెప్పొచ్చు కదా మేస్త్రీ! పరువు తీశారు. వచ్చే నాటకానికి గుంటూరు నుంచి ఎవర్నన్నా పిలుచుకుంటాం."

నేను స్పానరు పట్టుకుని ఆయన వెనకే ఉన్నాను. నేనేనండి అనాలి. ఆ ఒక్క మాట అనలేదు.

"పొరపాటైందండి. సందు చాలలేదు" అన్నారు మేస్త్రిగారు. చేతిలోని తలుపును గోడకు ఆనించి, "వచ్చే నాటకానికి తలుపులు ఈ అమ్మాయి చేసుద్దిలెండి. నాకన్నా చూపు బాగా ఆనుద్ది. గుంటూరెందుకు?" అన్నారు.

సెక్రటరీ గారు గొణిగి ఒప్పుకున్నారు. సెట్టు విప్పుతుంటే చూశాను. గుమ్మానికి నేను అతికించిన బద్ద లేదు. ఉలితో లేపిన గుర్తు మాత్రం ఉంది. ఆయన సంచిలో ఒక నల్లగుడ్డ పట్టీ మడతపెట్టి ఉంది. తలుపంత పొడవుంది. సందులోంచి వెలుతురు రాకుండా వెనకనుంచి కొట్టడానికి ఇంటిదగ్గరే కత్తిరించి తెచ్చుకున్నారు. మెట్లు విరగకపోతే సాయంత్రం కొట్టి ఉండేవారు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆయన పక్కనే పనిచేశాను. తలుపులన్నీ నావే. ఆ తలుపులు చూసే షూటింగుల వాళ్ళు పిలిచారు. అంటే, ఇవాళ నేను తినే తిండి ఆయన మీదికి తోసిన నా తప్పులోంచి వచ్చింది. రోజూ చెప్పాలనుకునేదాన్ని. రోజూ ఆయనే ఏదో ఒక పని చెప్పి నా నోటికి అడ్డం పడేవారు. అది తెలిసే చేశారని ఇప్పుడనిపిస్తుంది.

మోకాళ్ళు మరీ మొరాయించాక కాకుమానులో కూతురి దగ్గరకు బయల్దేరారు. తెనాలి బస్టాండుకు ఆయన పనిముట్ల సంచి నేనే మోశాను. బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నారు. సంచి అందించి, ఇనప చువ్వలు పట్టుకుని, "బాపట్లలో ఆ తలుపు బాబాయిగారూ..." అని మొదలుపెట్టాను. ఆయన సంచిలో చేయి పెట్టి వెతికి, ఒక టేకు బద్ద బయటికి తీశారు. ఒక వైపు ఇంకా డిస్టెంపరు అంటి ఉంది. రెండో వైపు అంగుళాల గీతలు గీసుకుని కొలబద్దలా వాడుకుంటున్నారు. బొటనవేలితో దాని అంచు ఒకసారి నిమిరి నా చేతిలో పెట్టారు. డ్రైవరు హారను కొట్టాడు.

"ఎంత నున్నగా చిత్రిక పట్టావమ్మాయ్ దీన్ని! పారెయ్యబుద్ధి కాలేదు."